నా పుస్తకంలో మూడు తప్పులు

మా సంగీతం మాస్టారు పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకోనిచ్చేవారు కాదు. ఆయన పుస్తకం చూసి రాసుకోనిచ్చేవారూ కాదు. పాఠం అయ్యాక మన పుస్తకం అడిగి తీసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, నీలం సిరా పెన్నుతో స్వరాలు తన చేత్తో రాసిచ్చేవారు. రాస్తున్నంతసేపూ పెదాలు కదిలేవి. లోపల పాడుకుంటూ రాసేవారు. పుస్తకం కూడా రెండొందల పేజీల లాంగ్ సైజుది, గీతలది, గట్టి అట్టదే ఉండాలి. వేరే చోట సంగీతం నేర్చుకునే స్నేహితులకి ఈ సంగతి చెబితే అసూయపడేవాళ్ళు. వాళ్ళకి జిరాక్సు కాగితాలు దొరికేవి, మాకు గురువుగారి దస్తూరీ దొరికేది. తొమ్మిదేళ్ళపాటు దాన్ని నేను ఒక గౌరవంగానే అనుకున్నాను.

ఆయన దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే విలువైనవి చిట్టస్వరాలు. కృతి పాడేటప్పుడు అనుపల్లవి అయ్యాక ఒకసారి, చరణం అయ్యాక ఒకసారి, సాహిత్యం లేకుండా ఉత్త స్వరాలతో పాడే చిన్న కూర్పుని చిట్టస్వరం అంటారు. తాళం నాలుగు చుట్లో, ఎనిమిది చుట్లో తిరిగేసరికి అయిపోతుంది. మాస్టారి గురువుగారు తన జీవితకాలంలో పాత కృతులకి కొత్తగా కట్టినవి ముప్పై ఆరు. ఎక్కడా అచ్చు కాలేదు. ఒక ట్రంకు పెట్టెలో పాత పుస్తకాల్లోనూ, మాస్టారి గొంతులోనూ, మా పుస్తకాల్లోనూ తప్ప అవి ఇంకెక్కడా లేవనుకునేవాణ్ణి.

కృతులు ఆదివారం అందరికీ కలిపి చెప్పేవారు. చిట్టస్వరం మాత్రం ఒక్కొక్కరికే. ఒకరి పాఠం పూర్తయి, చెప్పులేసుకుని గేటు దాటాకే ఇంకొకరు లోపలికి రావాలి. ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకుంటాయన్నది ఆయన చెప్పిన కారణం. ఇద్దరు ముగ్గురం కలిసి ఎక్కడైనా పాడాల్సి వస్తే చిట్టస్వరం వదిలేసి పాడమనేవారు. అది మనిషి ఒంటరిగా పాడుకోవాల్సింది అనేవారు. వినడానికి బాగుండేది. నేను దాన్ని నా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను కూడా.

నేను ఉయ్యూరులో ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పనిచేస్తాను. విజయవాడలో డిప్లొమా చదివే రోజుల్లో మాస్టారి దగ్గర చేరాను. ఉద్యోగం వచ్చాక గురువారం వీక్లీ ఆఫ్ పెట్టించుకుని, పొద్దున్నే బస్సెక్కి బెంజి సర్కిల్లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో సింగ్ నగర్ వెళ్ళేవాణ్ణి. ఆదివారాలు షిఫ్టుని బట్టి. ఫ్యాక్టరీలో నా పని మీటర్లు సరిచూడడం. ఆవిరి పీడనం చూపించే గేజి అయినా, టెంపరేచర్ మీటరయినా, నమ్మదగిన ఇంకో మీటరు పక్కన పెట్టి, ఎంత తేడా చూపిస్తోందో కాగితం మీద రాసి ట్యాగు కట్టాలి. పక్కన పెట్టి చూసే వీలు లేకపోతే ఆ ట్యాగు మీద ‘సరిచూడలేదు’ అని రాయాలి. తేడా ఉండడం మా దృష్టిలో పెద్ద విషయం కాదు. ఆ తేడా ఎంతో మనకి తెలిస్తే చాలు, ఆ మీటరుతో పని చేసుకోవచ్చు.

ఇలాంటి పనిలో ఉన్నవాడికి అన్నీ రాసుకునే అలవాటు ఉంటుంది. ఏ రోజు ఏ పాఠం అయింది, ఎన్నిసార్లు పాడించారు, ఎక్కడ ఆపారు అని నేను పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకునేవాణ్ణి. మాస్టారు నవ్వేవారు. “ఏమయ్యా ఇంజనీరూ, నేను దగ్గితే అది కూడా రాస్తావా?” అనేవారు. నేను ఇంజనీరుని కాదని, డిప్లొమా అని చాలాసార్లు చెప్పాను. ఆయన పిలుపు మార్చుకోలేదు.

నా పెన్సిలు గుర్తుల్లో ఒకటి ముఖ్యమైనది. పాఠం బాగా వచ్చాక చిట్టస్వరం మొత్తం ఆపకుండా పాడించుకునేవారు. అప్పుడు కొన్ని చోట్ల ఆయన గడ్డం కొంచెం కిందికి దిగేది. మెచ్చుకోలు మాటల్లో చెప్పే మనిషి కాదు. ఆ చిన్న తలూపే మాకు బహుమతి. ఎక్కడ తలూపారో ఆ స్వరం పక్కన నేను టిక్కు పెట్టుకునేవాణ్ణి. దసరాకి గుడి స్టేజీ మీద మొదటిసారి ఒంటరిగా మోహన కృతి పాడినప్పుడు ఆయన ముందు వరసలో కూర్చున్నారు. అక్కడ కూడా అవే చోట్ల తలూపారు. ఆ మోహన రాగం చిట్టస్వరంలో మూడు టిక్కులున్నాయి. ఆ రోజు బస్సులో ఉయ్యూరు దాకా ఆ మూడు చోట్లనే మళ్ళీ మళ్ళీ పాడుకుంటూ వచ్చాను.

ఆ తర్వాత రెండేళ్ళకి మాస్టారి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ గొంతు పోయింది. మాట గాలిలా వచ్చేది, స్వరం నిలిచేది కాదు. అయినా పాఠాలు మానలేదు. మేం పాడుతుంటే తొడ మీద తాళం వేస్తూ, తప్పు వచ్చిన చోట చెయ్యి ఆపేవారు. ఆ మరుసటి ఏడు బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మాస్టారూ అమ్మగారూ పై వాటాలో ఉన్నవాళ్ళ ఇంట్లో నాలుగు రోజులు ఉన్నారు. కింద మంచం కింద ట్రంకు పెట్టె నీళ్ళలో ఉంది.

నీళ్ళు తీశాక వెళ్ళి ఆ పెట్టె తెరిచింది నేనే. మాస్టారి గురువుగారి పుస్తకాలు మూడూ ముద్దయిపోయాయి. మాస్టారి సొంత పుస్తకాలు కొంచెం నయం, పేజీలు విడివిడిగా వచ్చాయి. బట్టలారేసే తాడుకి క్లిప్పులు పెట్టి రెండు వందల పైచిలుకు కాగితాలు ఆరేశాను. ఆరాక చూస్తే అచ్చులో వేసిన గీతలు మిగిలాయి, మధ్యలో నీలం మరకలు మిగిలాయి. ఒక్క వరస కూడా చదవడానికి రాలేదు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఆ తాడునే చూస్తున్నారు. మీకు గుర్తున్నంత వరకు చెబితే రాసుకుంటానన్నాను.

“స్వరం నాకు గొంతులో గుర్తుంటుందయ్యా, బుర్రలో కాదు. గొంతు పోయాక ఎక్కడ వెతకను?” అన్నారు.

అప్పుడు నాకు తట్టింది. మా పుస్తకాలున్నాయి. అన్నీ ఆయన స్వహస్తంతో రాసినవే. మా ఏడుగురు శిష్యుల పుస్తకాలూ తెచ్చి, కంప్యూటర్‌లో టైపు చేసి, ముప్పై ఆరూ ఒక పుస్తకంగా అచ్చు వేయించవచ్చు. చెప్పాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఎందుకులే అన్నారు. మళ్ళీ గురువారం అడిగితే చూద్దాంలే అన్నారు. మూడో గురువారం అమ్మగారు కాఫీ ఇస్తూ కలగజేసుకున్నారు. పిల్లాడు ఇంత ఇదిగా చేస్తానంటుంటే మీకు ఇంకా ఆలోచనేంటండీ అని ఆయన మీద విసుక్కున్నారు. మాస్టారు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. చివరికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద.

“ఏడు పుస్తకాలూ చేతికొచ్చాకే మొదలుపెట్టు. ఒక్కరి పుస్తకం చూసి రాయొద్దు.”

ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాను. ఆ మాట కూడా రాసుకున్నాను.

మొదట పామర్రు వెళ్ళాను. మా ఏడుగురిలో అందరికంటే ముందు చేరిన ఆవిడ అక్కడ హైస్కూల్లో టీచరు. మేమందరం అక్కా అనే పిలుస్తాం. పరీక్ష పేపర్లు దిద్దుతూ వరండాలో కూర్చుంది. పుస్తకం ఇచ్చేముందు ఒకసారి ఏదైనా కలిసి పాడదాంరా, నీ గొంతు విని ఎన్నాళ్ళయిందో అంది. గురువుగారి నిషేధం గుర్తొచ్చింది గానీ ఆయన అక్కడ లేరు. మోహన ఎత్తుకున్నాం. అనుపల్లవి అయింది, చిట్టస్వరం మొదలైంది. రెండో చుట్టు సగంలో ఇద్దరి స్వరాలూ విడిపోయాయి. ఆవిడ ‘గ ప ద స’ అంది. నేను ‘గ ప ద ప’ అన్నాను.

“ఆగాగు. అక్కడ స కదా, ప అంటావేంట్రా?”

“మాస్టారు రాసిచ్చిందే అక్కా. చూడండి.”

“నాదీ ఆయన రాసిచ్చిందే. నేనేమన్నా ఇంట్లో కూర్చుని కట్టానా?”

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాం. అదే దస్తూరీ, అదే నీలం సిరా. ఆవిడ పుస్తకంలో స, నా పుస్తకంలో ప.

“అయితే నీ పాఠమప్పుడు ఆయనకి కునుకు పట్టుంటుంది” అంది.

“మీకు పట్టలేదా?”

“నాది పొద్దున ఆరింటి పాఠం. నీది తొమ్మిదింటికి, ఆయన ఉప్మా తిన్నాక.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతోనే పుస్తకం సంచిలో పెట్టుకుని వచ్చేశాను. మిగతా అయిదూ పోగుచేయడానికి నెల పట్టింది.

ఎక్సెల్ షీటులో ఒక్కో చిట్టస్వరానికి ఒక్కో పేజీ తెరిచాను. నిలువుగా ఏడు గళ్ళు, ఏడు పుస్తకాలకి. అడ్డంగా ఒక్కో స్వరానికి ఒక్కో వరస. ఏడు గళ్ళూ ఒకటే చూపిస్తే వరస తెల్లగా ఉంటుంది, ఏదైనా తేడా ఉంటే ఎర్రబడుతుంది. మోహన పూర్తి చేసినప్పుడు తొమ్మిది వరసలు ఎర్రబడ్డాయి. ప్రతి ఎర్ర వరసలోనూ ఆరు పుస్తకాలు ఒకటి చెబుతున్నాయి, ఒక పుస్తకం ఇంకోటి చెబుతోంది. వయసు మీద పడిన మనిషి జ్ఞాపకంతో రాశారు, పొరపాట్లు వస్తాయి అనుకున్నాను. కల్యాణిలోనూ తొమ్మిదే. తోడిలోనూ తొమ్మిదే.

పొరపాట్లకి అంత క్రమం ఉండదు. నాలుగో దాని దగ్గర టైపు చేయడం ఆపి, ఎవరి తేడా ఎక్కడ ఉందో వేరే కాగితం మీద రాశాను. పామర్రు అక్కకి ప్రతి చిట్టస్వరంలోనూ ఒకే ఒక తేడా, ఎప్పుడూ చివరి చుట్టులో. బందరులో బ్యాంకులో పనిచేసే ఆయనకి ఒకటి, ఎప్పుడూ మొదటి చుట్టులో. ఇంకో నలుగురికి తలా ఒకటి, ఎవరి చోటు వాళ్ళది. ఎవరి చోటూ ఇంకొకరి చోటుతో కలవదు. మారిన స్వరం రాగం దాటదు, తాళం తప్పదు, వినేవాళ్ళకి అనుమానం రాదు. ఆరుగురికీ కలిపి ఆరు. మిగతా మూడూ నావి.

ఇంజనీరింగ్ డ్రాయింగులు బయటివాళ్ళకి ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరి కాపీలో ఒక్కో చిన్న కొలత కావాలని మార్చి ఇచ్చే పద్ధతి ఒకటుందని కాలేజీలో ఒక లెక్చరరు చెప్పారు. కాపీ ఎక్కడైనా బయటపడితే ఎవరి చేతి నుంచి పోయిందో ఆ కొలత చెబుతుంది. నా ముందు ఉన్నది అదే. ఏ కంప్యూటరూ లేకుండా ఒక మనిషి ఏడుగురికి ఏడు రకాలుగా ముప్పై చిల్లర కూర్పులు పాడి చెప్పి, ఏళ్ళ తరబడి ఒకరి రకం ఇంకొకరి దగ్గర నోరు జారకుండా నిలబెట్టాడు. పని తెలిసినవాడిగా ఒక్క నిమిషం నాకు ఆశ్చర్యమే కలిగింది. ఆ నిమిషం అయ్యాక నా పుస్తకం తీసి మోహన పేజీ తెరిచాను. అంచున నేను పెట్టుకున్న మూడు టిక్కులు ఉన్నాయి. షీటులో నా పేరు కింద ఎర్రబడిన మూడు వరసలూ అవే మూడు చోట్లు.

ఆయన మెచ్చుకుని తలూపలేదు. తాను పెట్టిన గుర్తు పెట్టిన చోట ఉందో లేదో చూసుకుని తలూపారు. దసరా స్టేజీ ముందు కూర్చుని కూడా.

ఆయనకి నేను చేసినవి లెక్కపెట్టడం మర్యాద కాదని తెలుసు. అయినా ఆ సాయంత్రం రాశాను. ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చున్న రోజులు, ఎలక్ట్రానిక్ తంబూరా పెట్టె విప్పి బాగుచేసిన సార్లు, తాడు మీద ఆరేసిన కాగితాలు. పది వరసలు రాశాక నా మీద నాకే చిరాకేసి చింపేశాను. నేను చేసినవి ఒక పక్క, ఆయన చెప్పిన పాఠం ఒక పక్క పెడితే పాఠమే బరువని మొన్నటి దాకా అనుకున్నాను. ఇప్పుడు ఆ పాఠం పాఠమేనా అన్నదే తెలియడం లేదు. తొమ్మిదేళ్ళు నేను నేర్చుకున్నది నాకు ఇవ్వడానికి చెప్పినదా, నన్ను పట్టుకోవడానికి చెప్పినదా?

గురువారం ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. అమ్మగారు మార్కెట్‌కి వెళ్ళారు. ఆయన ఎదురుగా స్టూలు మీద పెట్టి షీటు తెరిచాను. ఎర్ర వరసల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాను.

“ఇవి పొరపాట్లా మాస్టారూ?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. కావు అన్నారు.

తర్వాత నెమ్మదిగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పారు. నేను చేరకముందు ఆయన దగ్గర ఒకతను పన్నెండేళ్ళు నేర్చుకున్నాడు. ఇంట్లో భోజనం, ఇంట్లో పడక. వెళ్ళిపోయాక నాలుగు చిట్టస్వరాలు తానే కట్టినట్టు చెప్పుకుని సభల్లో పాడాడు, వీడియోలు పెట్టాడు. మాస్టారు వెళ్ళి అడిగితే, ఇవి మీ గురువుగారివని రుజువేముందండీ అన్నాడట, అందరి ముందూ, నవ్వుతూ. ఆ తర్వాత చేరినవాళ్ళకీ, అప్పటికే ఉన్న పామర్రు అక్కకీ గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. అక్కని పిలిచి పాతవి కూడా మళ్ళీ నేర్పి కొత్త పుస్తకంలో రాసిచ్చారు, పాతబడిందని పాతది తీసేసుకుని. కోపంగా అనడానికి నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది గానీ, ఆ పన్నెండేళ్ళ సంగతి విన్నాక దాన్ని వెంటనే అనలేకపోయాను. అడగాల్సింది ఒకటే మిగిలింది.

“అందరికీ ఒకటి పెట్టారు. నాకు మూడెందుకండీ?”

ఆయన వేళ్ళు తొడ మీద కదిలాయి, తాళం వేస్తున్నట్టు.

“నువ్వు అన్నీ అడిగేవాడివయ్యా. అన్నీ రాసుకునేవాడివి. నీ దగ్గర మిషన్లున్నాయి. ఎప్పటికైనా అచ్చేసేవాడంటూ ఉంటే నువ్వేననుకున్నాను.”

“అచ్చేస్తున్నాను కదండీ. మీ కోసం.”

చివర్లో అన్నీ సరిచేసి చెబుదామనే ఉండేదని, ఈలోపల గొంతు పోయిందని అన్నారు. చివర అంటే ఎప్పుడని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నారు. ల్యాప్‌టాప్ మూసి వచ్చేశాను. గేటు దగ్గర కూరగాయల సంచితో అమ్మగారు ఎదురై, టిఫిన్ తినకుండా వెళ్తున్నావేంటి నాయనా అంటే, షిఫ్టుందని అబద్ధం చెప్పాను.

మూడు వారాలు వెళ్ళలేదు. చెరకు క్రషింగ్ సీజన్, పని ఉంది. అదేమీ కారణం కాదు. పామర్రు అక్కకి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆవిడ ముందు నమ్మలేదు. ఇరవై రెండేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్న మనిషి.

“నాకు ఒకటేనా?” అంది చివరికి.

“ఒకటే.”

“నీకు మూడా. అయితే నువ్వే పెద్ద శిష్యుడివిరా.”

ఆ మాటలో నవ్వుందో ఏడుపుందో నాకు తెలియలేదు. తర్వాత మామూలు గొంతుతో మాట్లాడింది. కోపం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంచుకో, నేనూ ఉంచుకుంటాను, పుస్తకం మాత్రం ఆపకు అంది. అవి ఆయన కట్టినవి కూడా కావు, ఆయన గురువుగారు కట్టినవి, ఆ పెద్దాయన మనకేం పాపం చేశాడు అంది. ఆ తర్కంలో నాకు తప్పు దొరకలేదు.

పని సులువే. ప్రతి ఎర్ర వరసలోనూ ఆరు పుస్తకాలు చెప్పేది అసలు స్వరం, ఒంటరిగా ఉన్నది గుర్తు. కొన్ని చిట్టస్వరాలు అందరికీ రాలేదు. నలుగురికే వచ్చినవి, ముగ్గురికే వచ్చినవి ఉన్నాయి. ముగ్గురున్నా సరిపోతుంది, ఇద్దరు ఒకటి చెబితే మూడోది గుర్తు. మాస్టారు పెట్టిన షరతు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఏడు పుస్తకాలూ పక్కపక్కన పెడితే వాటి తప్పుల్ని అవే పట్టిస్తాయని ఆయనకి తెలుసు. నేను కనిపెడతానని కూడా తెలిసే ఒప్పుకున్నారన్నమాట. మాటతో చెప్పలేక నా చేత కనిపెట్టించారేమో. ఆ ఆలోచన కొంచెం ఊరట ఇచ్చింది, ఎక్కువసేపు ఇవ్వలేదు.

ముప్పై అయిదు తేలాయి. ఒకటి మిగిలింది. అది కాంభోజి. ఎనిమిది చుట్లది, అన్నిటికంటే పెద్దది. అది ఒక్క నా పుస్తకంలోనే ఉంది.

ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు చెప్పారు దాన్ని. అప్పటికే గొంతు బొంగురుపోయింది. గంటన్నర కూర్చోబెట్టి పాడించారు. రాసిచ్చి పుస్తకం చేతికిస్తూ, ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదయ్యా, నీకే అన్నారు. ఆయన గొంతుతో నేను విన్న చివరి పాఠం అది. ఇంట్లో మా అమ్మకి కూడా చెప్పకుండా ఆ పేజీకి ప్లాస్టిక్ కవరు వేసుకున్నాను. ఇప్పుడు దాని పక్కన పెట్టి చూడడానికి ఇంకో పుస్తకం లేదు. ఒక్కడికే ఇచ్చినదానికి గుర్తు పెట్టాల్సిన అవసరం లేదు, బయటపడితే ఎవరి నుంచో తెలిసిపోతుంది. తర్కం అలా చెబుతోంది. కానీ ఆ మనిషి చేతికి నా పుస్తకం కనపడగానే మూడు పెట్టే అలవాటు తొమ్మిదేళ్ళది.

నాలుగో గురువారం వెళ్ళాను. అమ్మగారు ఏమీ అడగలేదు, పెసరట్టు పెట్టారు. తిన్నాక మాస్టారి ఎదురుగా కూర్చుని శ్రుతి పెట్టి కాంభోజి ఎత్తుకున్నాను. ఎందుకు పాడుతున్నానో చెప్పలేదు. ఆయన గడ్డం మీదే చూపు పెట్టుకుని పాడాను. తొమ్మిదేళ్ళ పెన్సిలు టిక్కులు నాకు నేర్పింది అదే. ఆయన తల ఎక్కడ దిగితే అక్కడ గుర్తున్నట్టు.

ఎనిమిది చుట్లూ పాడాను. ఆయన తల కదలలేదు. మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని, మెడ బిగబట్టినట్టు కూర్చున్నారు. గుర్తులు లేకపోతే తల కదలదు. నేను చూస్తున్నానని తెలిస్తే కూడా తల కదలదు. రెంటికీ తేడా చెప్పే మీటరు నా దగ్గర లేదు.

“ఇందులో ఎన్ని పెట్టారండీ?”

“ఇందులో ఏమీ లేదయ్యా. అది నీకిచ్చింది.”

నమ్మాలని చాలా ఉంది. నమ్మడానికి ప్రయత్నం కూడా చేశాను, తిరుగు బస్సులో, కంకిపాడు దాటేదాకా. ఒకసారి తేడా చూపించిన మీటరు ఈసారి సరిగ్గానే చూపిస్తున్నానని తనంతట తాను చెబితే మేం రాసుకోం. పక్కన ఇంకోటి పెట్టి చూస్తాం.

ప్రూఫు వచ్చింది. కాంభోజి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరస చేర్చాను: ‘ఇది ఒకే ప్రతి నుంచి తీసుకున్నది. సరిచూడలేదు.’ మిగతా ముప్పై అయిదింటి కింద ఎన్ని ప్రతులతో సరిచూశామో రాశాను. మాస్టారికి ప్రూఫు ఇచ్చి, చూసి చెప్పండి అన్నాను. వచ్చే గురువారం దాకా ఉంచుకుంటానన్నారు.

ఆ గురువారం వెళ్ళేసరికి కాగితాలు స్టూలు మీద పొందికగా పెట్టి ఉన్నాయి, పైన పెన్సిలు. తీసుకెళ్ళు అన్నట్టు చెయ్యి చూపించారు. నేను అక్కడే కూర్చుని ఒక్కో పేజీ తిప్పాను. ముప్పై అయిదు పేజీల్లో ఆయన ఏమీ ముట్టుకోలేదు. కాంభోజి పేజీలో పెన్సిలు గీతలున్నాయి. మూడో చుట్టులో ఒక స్వరం కొట్టేసి పైన ఇంకోటి రాశారు. అయిదో చుట్టులో ఒకటి. ఏడో చుట్టులో ఒకటి. అక్షరాలు పాత దస్తూరీలా లేవు. అడుగున నేను చేర్చిన వరసని ముట్టుకోలేదు.

తలెత్తి చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. లోపల అమ్మగారు మిక్సీ వేశారు, అది ఆగేలోపు నేను కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.

మూడు. నాకే ఇచ్చానన్నదానిలో కూడా మూడు. ఏమీ లేదని చెప్పి పదిహేను రోజులు కాలేదు. అవి ఇప్పుడు దిద్దిచ్చారు, అడగకుండానే. గొంతులో తప్ప గుర్తుండదన్న మనిషి గొంతు లేకుండా దిద్దిన మూడు స్వరాలు. ఇవి అసలువో, అసలువని ఆయన అనుకుంటున్నవో, చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఉయ్యూరు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి ఆ మూడూ దిద్దాను. కొత్తగా దిద్దినట్టు పాడి చూసుకుంటే గొంతు మూడు చోట్లా పాత స్వరానికే పోయింది. పదిసార్లు పాడాను. ఆ తర్వాత ఫైలు ప్రెస్సుకి పంపాను. అడుగున రాసిన వరస మాత్రం తీయలేదు.